డెబ్బై ఆకుల కట్ట, యాభై ఆకుల కట్ట

నీ ఆఫర్ లెటర్ మొదటినుంచి చివరిదాకా చదివాను బిడ్డా. హైదరాబాద్‌లో మందుల కంపెనీ, నాణ్యత పరీక్షల విభాగం, ఏడాదికి 4,20,000 రూపాయలు. ఆ అంకె చెప్పేటప్పుడు మీ నాన్న గొంతు వణికింది. వణకదా మరి! సిరోంచలో మరాఠీ బడిలో చదువుకుని, ఇంట్లో తెలుగు మాట్లాడి, గోండ్వానా విశ్వవిద్యాలయం కింద కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసిన పిల్లవి. కానీ నువ్వు నన్ను అడిగింది జీతం సంగతి కాదు. "తాతా, అక్కడ ఎట్లా మసలుకోవాలి? మేనేజరు చెప్పినదానికల్లా తల ఊపాలా? సరిపడకపోతే మానెయ్యొచ్చా?" అన్నావు. మంచి ప్రశ్నలే. జవాబు చెప్పాలంటే కొంత సైన్సు, కొంత మన ఊరి సంగతి కలిపి చెప్పాలి. ముందు ఆకు లెక్కతో మొదలుపెడతా.

ప్రాణహిత కలిసేచోట గోదావరికి అటు ఒడ్డున కాళేశ్వరం, ఇటు ఒడ్డున మన సిరోంచ. ఎండలు ముదిరితే రెండు ఒడ్లా బీడీలు చుట్టే తునికాకు కోతే. అదే చెట్టు, అదే ఎండ, చాలా ఇళ్లలో అదే భాష. అయినా తెలంగాణలో కట్టకి 50 ఆకులు, మహారాష్ట్రలో కట్టకి 70 ఆకులు. రెండు వైపులా వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. అంటే అటువైపు బ్యాగులో 50 వేల ఆకులు, ఇటువైపు బ్యాగులో 70 వేలు. ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. అటు కట్టకి 3 రూపాయలు, ఇటు కట్టకి 4 రూపాయలు ఇస్తున్నారనుకో. వినగానే ఇటే ఎక్కువ అనిపిస్తుంది కదా? ఒక ఇల్లు పొద్దంతా 7,000 ఆకులు కోసిందనుకో. అటువైపు అవి 140 కట్టలు, చేతికి 420 రూపాయలు. ఇటువైపు 100 కట్టలు, 400 రూపాయలు. ఎక్కువనుకున్నది ఇరవై రూపాయలు తక్కువని తేలింది. కట్టలో ఆకులెన్నో తెలియకుండా కట్ట ధర విని మురిసిపోకూడదు.

నీ కాగితంలో 4,20,000 కూడా అలాంటి కట్టే. విప్పి చూద్దాం. నెలకి 35,000. అందులో మూలవేతనం సగం, 17,500. కంపెనీ నీ పేరున కట్టే భవిష్యనిధి వాటా 1,800 ఈ మొత్తంలోనే కలిపేశారు. గ్రాట్యుటీ కింద మూలవేతనంలో 4.81 శాతం, అంటే 842 రూపాయలు, అదీ అందులోనే. పనితీరు చూసి ఏడాది చివర ఇస్తామన్న పదోవంతు, నెలకి 3,500, అదీ అందులోనే. ఇవన్నీ తీసేస్తే 28,858. దాంట్లోంచి నీ వాటా భవిష్యనిధి 1,800, వృత్తి పన్ను 200 పోతే నెల చివర నీ చేతికొచ్చేది 26,858. ముప్పై అయిదు వేలు వస్తాయని హాస్టలు, బండి, ఇంటికి పంపే డబ్బు లెక్కలు వేసుకుంటే మూడో నెలకే అప్పు. ఇందులో మోసమేమీ లేదు. భవిష్యనిధి నీ డబ్బే, వడ్డీతో నీకే వస్తుంది. గ్రాట్యుటీ అయిదేళ్లు నిండాక చేతికొచ్చే హక్కు. కానీ చేరకముందే ఈ లెక్క నీకు తెలిసి ఉండాలి. తెలియకపోతే మొదటి జీతం రోజే కంపెనీ మీద నీకు అనుమానం పుడుతుంది. అనుమానంతో మొదలైన పని సంబంధాన్ని తర్వాత ఎంత మంచి మేనేజరైనా బాగుచెయ్యడం కష్టం. అందుకే చేరే రోజు హెచ్‌ఆర్ వాళ్లని కూర్చోబెట్టి ఒక్కొక్క అంకె గురించీ అడుగు. సిగ్గుపడకు. మంచి కంపెనీ అయితే ఆ ప్రశ్నలకి సంతోషిస్తుంది.

2025 నవంబరు 21 నుంచి నాలుగు కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. నియామక పత్రం రాసి ఇవ్వడం అందులో యజమాని బాధ్యత. నోటిమాట మీద ఏళ్ల తరబడి పని చేసిన తరం మాది. కాగితం చేతిలో ఉండటం ఎంత ధైర్యమో నీకంటే నాకు ఎక్కువ తెలుసు.

ఇక సైన్సు. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జే వైస్ అనే శాస్త్రవేత్త 1960ల చివర్లో, 1970ల మొదట్లో ఎలుకల మీద కొన్ని ప్రయోగాలు చేశాడు. వినడానికే బాధగా ఉంటుంది, అయినా తెలిసిన సంగతి విలువైనది. రెండు ఎలుకల తోకలకి ఒకే క్షణాన, ఒకే మోతాదులో విద్యుత్ షాకు తగులుతుంది. మొదటి ఎలుక ముందు ఒక చక్రం ఉంటుంది. దాన్ని తిప్పితే షాకు ఆగుతుంది, రెండింటికీ ఆగుతుంది. రెండో ఎలుక ఏం చేసినా ఏమీ కాదు. అంటే రెండూ పడిన నొప్పి అణా పైసలతో సహా సమానం. తర్వాత పొట్టలు పరీక్షిస్తే ఏమీ చెయ్యలేని ఎలుక కడుపులో పుండ్లు చాలా ఎక్కువ. చక్రం తిప్పగలిగిన దానికి తక్కువ. ఇంకో ప్రయోగంలో షాకుకి ముందు ఒక శబ్దం వినిపించారు. శబ్దం విని ముందే తెలుసుకున్న ఎలుకలకి పుండ్లు తక్కువ, చెప్పాపెట్టకుండా షాకు తిన్నవాటికి ఎక్కువ.

ఆలోచించు బిడ్డా. కష్టం ఎంతన్నది ఒక్కటే కాదు. ఆ కష్టం మీద నా చెయ్యి ఏమైనా ఆడుతుందా, అది ఎప్పుడొస్తుందో నాకు ముందే తెలుసా అన్న రెండు సంగతులు ఒంటిని కాపాడతాయి, లేదా పాడుచేస్తాయి.

"తాతా, ఎలుకలు వేరు, మనుషులు వేరు" అంటావు. సరే, మనుషుల దగ్గరికే వద్దాం. లండన్‌లో ప్రభుత్వ కార్యాలయాలున్న వీధి వైట్‌హాల్. 1967లో అక్కడి మగ ఉద్యోగులు పదిహేడు వేలమందికి పైగా ఆరోగ్యాన్ని ఏళ్లపాటు గమనించడం మొదలుపెట్టారు. ఆ పరిశీలనతో పేరు పెనవేసుకున్నవాడు మైకేల్ మార్మట్. అందరూ కుర్చీ ఉద్యోగులే, ఎవరూ పస్తులున్నవాళ్లు కాదు, అందరికీ ఉచిత ప్రభుత్వ వైద్యం ఉంది. అప్పట్లో జనం ఏమనుకునేవాళ్లంటే, పెద్ద బాధ్యతలు మోసే పై అధికారులకే గుండెజబ్బు వస్తుందని. తేలింది తలకిందులుగా. అట్టడుగు మెట్టు మీదున్న బంట్రోతులు, చిన్న ఉద్యోగులు గుండెజబ్బుతో చనిపోవడం పై అధికారులకంటే దాదాపు మూడు రెట్లు. పొగతాగడం, కొవ్వు, రక్తపోటు అన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడాలో కొంత భాగమే తీరింది. 1985లో రెండో విడత మొదలైంది. ఈసారి ఆడవాళ్లని కూడా కలిపి 10,308 మందిని చూశారు. ఎప్పుడు ఏ పని చెయ్యాలి, ఎలా చెయ్యాలి అన్న విషయంలో తనకి మాటే లేని ఉద్యోగికి గుండెజబ్బు ముప్పు ఎక్కువని అందులో బయటపడింది. పై అధికారి న్యాయంగా చూస్తున్నాడు, చెప్పింది వింటున్నాడు అనుకున్న మగ ఉద్యోగుల్లో ఆ ముప్పు సుమారు మూడో వంతు తక్కువ ఉందని 2005లో మికా కివిమాకి, సహచరులు అదే సమాచారం నుంచి చూపించారు.

లోపల జరిగేది ఇది. భయమో, ఆదుర్దానో కలగగానే మెదడు సంకేతం పంపుతుంది. మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ విడుదల చేస్తాయి. రక్తంలో చక్కెర పెరుగుతుంది, గుండె వేగం అందుకుంటుంది, అరుగుదల, రోగనిరోధం లాంటి పనులు కాసేపు పక్కకి పోతాయి. ఎలుగుబంటి ఎదురైతే ఇదంతా ప్రాణం కాపాడే ఏర్పాటు. అడవిలో ఆ గండం పది నిమిషాల్లో తేలిపోతుంది, కార్టిసాల్ దిగిపోతుంది. కానీ రేపటి షిఫ్టు ఏమిటో తెలియక, సెలవు ఇస్తారో ఇవ్వరో తెలియక, ఏ క్షణాన ఎవరు అరుస్తారో తెలియక నెలలకి నెలలు గడిపితే అది దిగే సందు దొరకదు. అప్పుడు రక్తపోటు, నిద్రలేమి, చక్కెరవ్యాధి ఒకదాని వెనక ఒకటి తలుపు తడతాయి. కాబట్టి నెల షిఫ్టుల పట్టిక ముందుగా ఇమ్మని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. నువ్వు మేనేజరువి అయిన రోజున నీ కిందివాళ్లకి ముందుగా చెప్పడం కూడా దయాదాక్షిణ్యం కాదు. అది వాళ్ల గుండె కండరానికి సంబంధించిన సంగతి.

ఇదే విషయం మన తునికాకు కల్లం దగ్గర ఇంకా బాగా కనబడుతుంది. నువ్వు చిన్నప్పుడు ఆకు ఆరబెట్టడం చూశావు గానీ పనంతా చూడలేదు. ఫిబ్రవరి, మార్చిలో తునికి పొదల కొమ్మలు కొడతారు. కొట్టిన మొదళ్ల నుంచి, వేళ్ల నుంచి కొత్త చిగుళ్లు తన్నుకొస్తాయి. ముదురు చెట్టు ఆకు మందం, ఈనెలు బిరుసు, చుట్టబోతే విరుగుతుంది. కొత్త రెమ్మ ఆకు వెడల్పు, మెత్తన, ఈనె పలచన. ఎర్రటి చిగురు పచ్చబడి కాస్త దళసరి అయ్యేసరికి నెలన్నర. అప్పుడు కోత. తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ అడవికి పోతారు, ఎండ నెత్తికెక్కేలోపు మోపులతో తిరిగొస్తారు. నీడన కూర్చుని ఆకు మీద ఆకు పేర్చి, నారతో కట్టలు కడతారు. సాయంత్రం కల్లంలో అప్పజెబుతారు. అక్కడ వరసలుగా పరిచి, తిరగేసి, వారం పదిరోజులు ఆరబెట్టి, నీళ్లు చిలకరించి సంచుల్లో కుక్కుతారు. ఎండబెట్టిన ఆకు మీద మళ్లీ నీళ్లెందుకని నువ్వే ఒకసారి అడిగావు. తేమ పూర్తిగా పోయిన ఆకు పెళుసెక్కి పొడైపోతుంది. పైపైన తడి తగిలితే మళ్లీ వంగుతుంది. ఎక్కువ తడిస్తే బూజు. మధ్యలో గాలివాన వచ్చిందంటే ఆ ఏటి కష్టం అంతే. ఆ ఆకులో చుట్టే పొగాకు ఊపిరితిత్తులకి చేటు చేసేదే. అది వేరే కబురు, ఇంకోసారి గట్టిగానే చెప్తాను.

కల్లంలో మాట ఎవరిది? కల్లం చూసుకునే కల్లేదారుది. ఈ కట్టలో ఆకు చిరిగింది, ఇందులో లెక్క తగ్గింది, ఇది లేత అని అతను పక్కన పడేస్తే పడేసినట్టే. వందకి ఇన్ని కట్టలని కొసరు తీసుకునే అలవాటు చాలాచోట్ల ఉండేది. నేను బడిలో సైన్సు చెప్పే రోజుల్లో ఎండాకాలం సెలవులకి కల్లం దగ్గర కూర్చునేవాణ్ణి. చదువురాని ఆడవాళ్లు చిట్టీ తెచ్చి నా చేతిలో పెట్టి, ఎన్ని రాశాడో చదవమనేవాళ్లు. వాళ్ల మనసులో ఉన్న లెక్క, చిట్టీలో ఉన్న లెక్క ఒకటైతే ముఖం వికసించేది. కాకపోతే అతనితో గొడవ పెట్టుకునే ధైర్యం లేక ఊరుకునేవాళ్లు. ఆ ఊరుకోవడం చూసి నాకు రాత్రి నిద్ర పట్టేది కాదు.

ఈ వ్యాపారాన్ని ప్రభుత్వాలు తమ చేతిలోకి తీసుకోకపోలేదు. మధ్యప్రదేశ్ 1964లో, మహారాష్ట్ర 1969లో, ఆంధ్రప్రదేశ్ 1971లో చట్టాలు చేశాయి. దానివల్ల ధర ఒక పద్ధతికి వచ్చింది గానీ, కోసేవాళ్లకి కల్లంలో మాట రాలేదు. అసలు మార్పు షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకి అధికారమిచ్చిన 1996 పెసా చట్టంతో, 2006 అటవీ హక్కుల చట్టంతో మొదలైంది. మన గడ్చిరోలి జిల్లాలోనే ధనోరా తాలూకా మెంఢా లేఖా ఊరికి 2009లో సామూహిక అటవీ హక్కు వచ్చింది. 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్రమంత్రి జైరాం రమేశ్ స్వయంగా వచ్చి, వెదురు రవాణా అనుమతి పుస్తకం ఆ గ్రామసభ చేతికిచ్చారు. అంతవరకూ అడవి శాఖ ఇస్తేనే కదిలే వెదురు అది. 2014లో మహారాష్ట్ర పెసా నియమాలు వచ్చాక చాలా గ్రామసభలు తునికాకు కూడా తామే అమ్ముకోవడం మొదలుపెట్టాయి. అడవి శాఖ ద్వారా అమ్మాలా, తామే వేలం పెట్టుకోవాలా అన్నది ఊరివాళ్లు కూర్చుని తేల్చుకుంటారు. కోసే మనిషే వేలం షరతుల దగ్గర కూర్చుంటున్నాడన్న మాట.

దాంతో కష్టాలన్నీ తీరాయని నేను చెప్పను. బజారు పడిపోయిన ఏడు కొనేవాడు దొరకడు. సరుకు ఎత్తుకుపోయి డబ్బు బాకీపెట్టిన కాంట్రాక్టర్లూ ఉన్నారు. పైగా గ్రామసభ యజమాని అయ్యాక కల్లేదారుకి, కాపలావాడికి, సంచులు మోసేవాడికి జీతం సమయానికి ఇవ్వాల్సింది అదే. ఇన్నాళ్లూ కాంట్రాక్టరుని నిలదీసినవాళ్లు ఇప్పుడు నిలదీయించుకోవాలి. అది ఇబ్బందే, కానీ ఆరోగ్యకరమైన ఇబ్బంది. లెక్క పుస్తకం చావడిలో బల్ల మీద ఉంటుంది, ఎవరైనా తెరిచి చూడొచ్చు. తప్పుంటే నలుగురిలో అడగొచ్చు. నిన్నటిదాకా చిట్టీ పట్టుకుని ఊరుకున్నామె ఇవాళ లేచి అడుగుతోందంటే, వైట్‌హాల్ లెక్కలు చెప్పిన ఆరోగ్యం మన ఊళ్లో కళ్లారా చూస్తున్నట్టే.

నీ ల్యాబ్‌లోనూ లెక్కే ప్రాణం. రోజూ మాత్రల నమూనాలు పరీక్షిస్తావు. మందు మోతాదు ఉండాల్సినంత ఉందా, కల్తీ ఏమైనా చేరిందా చూస్తావు. ఏదో ఒక రోజు ఫలితం హద్దు దాటుతుంది. లారీ బయట నిలబడి ఉంటుంది, పైనుంచి ఫోన్లు వస్తుంటాయి, "ఇంకోసారి చేసి చూడమ్మా, సరిగ్గా వస్తుందేమో" అని ఎవరో ఒకరు మెల్లగా అంటారు. ఉద్యోగి, యజమాని సంబంధం ఎలాంటిదో తేలేది ఆ సాయంత్రమే. వచ్చిన అంకెను వచ్చినట్టు, వచ్చిన గంటలోనే రాయి. మొదటి ఫలితాన్ని చెరిపి రెండోది మాత్రమే ఉంచమంటే, ఆ మాట మెయిల్‌లో పెట్టమని మర్యాదగా అడుగు. చాలాసార్లు అంతటితో ఆగిపోతుంది. ఆగకపోతే నాణ్యతా విభాగం పెద్దల దగ్గరికి వెళ్లు. ఆ మాత్ర మింగేది సిరోంచ ఆసుపత్రి వరండాలో కూర్చున్న ఏ ముసలమ్మో కావచ్చు.

ఇక్కడ ఇంకో పరిశోధన చెప్పాలి. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే ఆమె 1990ల్లో అమెరికా ఆసుపత్రుల్లో నర్సుల జట్లని గమనించింది. మంచి జట్లు మందులిచ్చేటప్పుడు తప్పులు తక్కువ చేస్తాయన్నది ఆమె అంచనా. లెక్కలు చూస్తే పెద్దనర్సు బాగా నడిపిస్తున్న జట్లలోనే తప్పుల సంఖ్య ఎక్కువ! ఆమె తలపట్టుకుంది. తర్వాత అర్థమైంది. ఆ జట్లు తప్పులు ఎక్కువ చెయ్యడంలేదు, చేసినవి దాచకుండా చెప్తున్నాయి. భయం ఉన్నచోట తప్పులు జరిగి మరుగున పడుతున్నాయి. ఆ వ్యాసం 1996లో అచ్చయింది. ఇప్పుడు పెద్దపెద్ద కంపెనీలు కూడా ఆమె మాట వింటున్నాయి. నువ్వు చేరిన మొదటి నెలలో ఒక సంగతి గమనించు. ఎవరైనా "సార్, నేను పొరపాటు చేశాను" అన్నప్పుడు ఆ గదిలో ఏం జరుగుతుంది? ఎవరు చేశారని వెతుకుతారా, ఎలా జరిగిందని వెతుకుతారా? జీతం కంటే ఈ ఒక్క సంగతి చూసి ఆ చోట ఉండాలో వద్దో తేల్చుకో.

మంచి యజమాని ఎలా ఉంటాడో కూడా చెప్పాలి. మన పోచంపల్లి కథ చెప్తా, మేడిగడ్డ బ్యారేజీ ఇటువైపు కొస ఉన్న ఊరు. 1958 నుంచి 1961 దాకా ఆ చుట్టుపక్కల నేలలో రాక్షసబల్లి ఎముకలు బయటపడ్డాయి. సుమారు 300 ఎముకలు, కనీసం ఆరు జంతువులవి. తొడ ఎముక ఒక్కటే 1.7 మీటర్లు, నీకంటే పొడుగు. వయసు అటూ ఇటూగా 18 కోట్ల ఏళ్లు. తల మాత్రం దొరకలేదు, కొన్ని పళ్లు దొరికాయి. వాటిని తవ్వించిన సంస్థ ఏదనుకున్నావు? కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్. అంకెల సంస్థకి ఎముకలతో పనేమిటి? దాన్ని 1931లో స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్‌కి కొలవదగింది ప్రతిదీ తమ పనే. పుర్రెల కొలతలు పోల్చడానికి ఆయన కనిపెట్టిన సూత్రం ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతోంది. లండన్ నుంచి పామెలా రాబిన్సన్ అనే శిలాజ శాస్త్రవేత్తని పిలిపించి, కుర్రవాళ్లకి ఆ విద్య నేర్పించి, గోదావరి లోయకి పంపించాడు. ఎముక దొరికిన 1958 నుంచి పేరుపెట్టి వ్యాసం రాసిన 1975 దాకా పదిహేడేళ్లు. అన్నాళ్లు ఫలితం కోసం పీక మీద కూర్చోకుండా ఆ సంస్థ ఓపికపట్టింది. జైన్, కుట్టి, రాయ్‌చౌధురి, చటర్జీ ఆ వ్యాసం రాశారు. రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి 1961లో వచ్చింది కాబట్టి దానికి బారపాసారస్ టాగోరై అని పేరు. అస్థిపంజరం కోల్‌కతాలో ఆ సంస్థ మ్యూజియంలో నిలబడి ఉంది. పక్కనున్న కోట ఊరి పేరు ఆ రాతిపొరకి పెట్టారు. అది విన్నప్పుడల్లా నాకు సంతోషం. కానీ మన ఎండలో గడ్డపార పట్టినవాళ్ల పేర్లు ఆ వ్యాసం రాసినవాళ్ల వరసలో లేవు. అప్పటి ఆనవాయితీ అది. నువ్వు పరీక్ష నివేదిక రాసేటప్పుడు గాజుసామాను కడిగి, ద్రావణాలు సిద్ధం చేసిపెట్టిన మనిషి పేరు కూడా రాయి. రాయడానికి అర నిమిషం పడుతుంది.

ఆ సంస్థలోనే మన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920లో హడగళిలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివాడు. సైన్యం సర్వే విభాగంలో ఉద్యోగానికని కోల్‌కతా వెళ్తే అది రాలేదు. బస చేసిన చోట ఒకాయన పరిచయమై, ఇక్కడ స్టాటిస్టిక్స్ అని కొత్త చదువు చెప్తున్నారని తీసుకెళ్లాడు. 1941 జనవరి 1న శిక్షణలో చేరాడు. రాని ఉద్యోగం కోసం ఏడుస్తూ రైలెక్కి వచ్చేసి ఉంటే ఆ పేరు మనం వినేవాళ్లం కాదు. తర్వాత పాఠం చెప్తుండగా వి.ఎం. దాండేకర్ అనే విద్యార్థి లేచి ఒక ప్రశ్న వేశాడు. మరాఠీవాడు, తర్వాత పుణెలో గొప్ప ఆర్థికవేత్త అయ్యాడు. రావుగారికి వెంటనే జవాబు తెలియలేదు. రాత్రి కూర్చుని లెక్క తేల్చి, మర్నాడు తరగతిలో చూపించాడు. 1945లో అచ్చయిన ఆ ఫలితమే ఇప్పుడు క్రామర్-రావు అసమానతగా ప్రపంచానికి తెలుసు. కిందివాడు ప్రశ్న అడిగితే పైవాడికి అవమానం అనుకునే చోట అలాంటివి పుట్టవు. 1946లో సూడాన్‌లోని జెబెల్ మోయా పుర్రెల కొలతలు విశ్లేషించే మనిషి కావాలని కేంబ్రిడ్జి అడిగితే మహలనోబిస్ రావుగారిని పంపించాడు. ఆయన అక్కడ స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ పూర్తిచేసి, తిరిగొచ్చి, ముప్పై ఏళ్లు అదే సంస్థలో పనిచేశాడు. మంచి పనివాడిని కట్టేసి ఉంచకుండా ఎదగడానికి పంపితే, వాడు తనంతట తానే తిరిగొస్తాడు. 2023లో 102 ఏళ్ల వయసులో పోయే ముందు కూడా ఆయనకి అంతర్జాతీయ పురస్కారం వచ్చింది.

అదే మహలనోబిస్‌తో పొసగక బయటికి వచ్చినవాడూ ఉన్నాడు, జె.బి.ఎస్. హాల్డేన్. జన్యుశాస్త్రంలో దిగ్గజం. 1957లో ఇంగ్లండు వదిలి ఆ సంస్థలో చేరాడు. మన పిఠాపురం కుర్రాడు ద్రోణంరాజు కృష్ణ ఆయన దగ్గరే పరిశోధన నేర్చుకున్నాడు. సంస్థ నడిపే తీరు మీద భేదాలొచ్చి 1961లో హాల్డేన్ రాజీనామా చేశాడు. అప్పటి ఒడిశా ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ పిలిస్తే 1962లో భువనేశ్వర్ వెళ్లి కొత్త ప్రయోగశాల పెట్టుకున్నాడు. 1964లో చనిపోతే ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి ఇచ్చారు. ఇద్దరూ గొప్పవాళ్లే, ఒకచోట ఇమడలేదు. మహలనోబిస్ రావుగారికి మంచి యజమాని, హాల్డేన్‌కి కాదు. నీకు కూడా మంచి కంపెనీలోనే నీకు సరిపడని మేనేజరు తగలొచ్చు. అప్పుడు నీలో లోపం ఉందనుకుని కుంగిపోవద్దు, ఆ మనిషిని రాక్షసుడనీ అనుకోవద్దు. ముందు విభాగం మార్చమని అడుగు. కుదరకపోతే ఇంకో చోటు చూసుకుని బయటికి రా. నన్నడిగితే పని నేర్చుకోవడం ఆగిపోయినప్పుడు, అబద్ధపు లెక్క రాయమన్నప్పుడు, నిద్ర పట్టనప్పుడు ఉండకూడదు. కోపం వచ్చిన రోజున మాత్రం రాజీనామా రాయకు.

మానేసి వచ్చేటప్పుడు చెయ్యాల్సిన పనులు మాత్రం పద్ధతిగా చెయ్యి. నోటీసు కాలం పూర్తిగా పనిచెయ్యి. చేతిలో ఉన్న పరీక్షలు, రిజిస్టర్లు తర్వాతివాళ్లకి అప్పజెప్పి సంతకం తీసుకో. రిలీవింగ్ లెటర్, అనుభవ పత్రం, చివరి జీతం లెక్క అడిగి తెచ్చుకో. భవిష్యనిధి డబ్బు తీసేయకు. నీ యూఏఎన్ నంబరు ఒకటే, కొత్త కంపెనీకి బదిలీ చేయించుకుంటే సర్వీసు కాలం కలుస్తుంది. నీ లెటర్ మూడో పేజీలో రెండేళ్ల లోపల మానేస్తే శిక్షణ ఖర్చు కట్టాలని ఒక వాక్యం ఉంది. ఎంత కట్టాలో అందులో రాయలేదు. సోమవారం హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి ఆ మొత్తం ఎంతో అడుగు. వాళ్లు జవాబు రాసి పంపాక నాకు చదివి వినిపించు, ఆ తర్వాతే సంతకం పెడుదువు గాని.